కఱ్ఱయు, కత్తియు, కంఠమును



క్రిందటి వేసవిలో నొక సాయంకాలము గౌలిపురానుండి ఒక యిల్లాలు మమ్ము చూడవచ్చినది. పాతబస్తీలో, చార్మినారుకు దక్షిణమున, లాల్ దర్వాజాకు చేరువనున్న ఆ పేటలో తెలుగు కుటుంబములు తరతరములుగా కాపురమున్నవి. ఆమె మా పత్రికకు పాత చదువరి. మంచినీళ్ళు త్రాగి, కొంతసేపు ఊఱకుండి, పిమ్మట వచ్చిన పని చెప్పినది.

ఆమె కుమార్తె కళాశాలలో రెండవ సంవత్సరము చదువుచున్నది. సాయంకాలము బస్సు దిగి యింటికి వచ్చుటకు రెండు గల్లీలు దాటవలెను. మూడు వారములుగా ఇద్దఱు యువకులు మోటారుసైకిలుపై వెంటబడి వెకిలిమాట లాడుచుండిరి. ఒకనాడు చున్నీ పట్టి లాగిరి. పిల్ల యింట నెవరికిని చెప్పలేదు. ప్రక్కయింటివారు చూచి చెప్పిరి. తండ్రి ఆ రాత్రియే తీర్పు చెప్పెను: "చదివినది చాలు. మాఘములో పెండ్లి చేసెదను." తల్లికి ఆ తీర్పు రుచింపలేదు. వారి వీధిలోనే ఒక మిద్దెమీద ఒక ఉపాధ్యాయుడును, అతని భార్యయు బాలికలకు ఫిలిప్పీను దీవుల కఱ్ఱసామును, కత్తిసామును నేర్పుచున్నారట. పంపవచ్చునా, పంపరాదా? బంధువులు "ఆడుపిల్ల చేతికి గరిటె గాని కఱ్ఱ యేల?" అని నవ్విరట. "అమ్మా, మీరు పదిమందికి చెప్పువారు. నాకును ఒక మాట చెప్పుడు" అని ఆమె యడిగినది.

ఎఱుగని విషయమున సలహా చెప్పుట మాకు ఇష్టము లేదు. కావున నెల దినములు, వీలైనప్పుడెల్ల, ఆ మిద్దె యెక్కి కూర్చుండి చూచితిమి. అచట చూచినదియు, పిమ్మట చదివి తెలిసికొన్నదియు మీ ముందుంచుచున్నాము.

ఈ విద్య యెక్కడిది? ఫిలిప్పీను దీవులవారు దీనిని ఆర్నిస్ అనియు, ఎస్క్రిమా అనియు, కాలీ అనియు పిలుతురు. మొదటి రెండు పేర్లును స్పెయినువారి మాటలనుండి పుట్టినవి. ఏలయన వారు 1565 మొదలు 1898 వఱకు ఆ దీవుల నేలిరి. అంతకు పూర్వమే, 1521లో, ఓడలతో వచ్చిన మాజెల్లాను నాయకుని మక్తాన్ దీవి జనులు సముద్రపుటొడ్డుననే పోరి చంపిరి. 2009లో అచటి ప్రభుత్వము ఆర్నిసును తమ జాతీయ క్రీడగను, జాతీయ యుద్ధవిద్యగను శాసనము చేసినది. 2019లో ఆగ్నేయాసియా క్రీడలు ఆ దేశమున జరిగినపుడు పురుషులతోపాటు స్త్రీలును ఇందు పోటీచేసిరి.

ఈ విద్యయందొక విశేషము కలదు. తక్కిన పోరువిద్యలు పెక్కింటిలో మొదట పిడికిలి నేర్పి, తరువాత ఆయుధము నిత్తురు. ఇందు మొదటి దినముననే చేతికి కఱ్ఱ వచ్చును. అది పేముకఱ్ఱ, సుమారు 28 అంగుళముల పొడవు, బొటనవ్రేలి లావు. పేము తేలికగా నుండును. వాడగా వాడగా పీచు లేచునే గాని, వాడియైన చీలికలుగా విఱుగదు. దెబ్బలకు పేర్లు లేవు, అంకెలు కలవు. ఎడమ కణతకు వచ్చునది ఒకటి, కుడి కణతకు రెండు. ఈ విధముగ పండ్రెండు దారులు పెక్కు శాలలలో నేర్పుదురు. కఱ్ఱతో నేర్చిన చేతికదలికయే కత్తికిని, వట్టి చేతికిని పనికివచ్చును. కావున చేతిలోని గొడుగు కఱ్ఱ యగును. గట్టిగా చుట్టిన వారపత్రికయు కఱ్ఱయే. మా మాసపత్రిక యింకను లావు కనుక మఱింత మేలని ఉపాధ్యాయుడు మాతో నవ్వుచు ననెను.

"పరదేశపు విద్య మన కేల?" అను ప్రశ్న యొకటి కలదు. పాతబస్తీకి ఆయుధము పరదేశి కాదు. ఆయుధము పట్టిన స్త్రీయు పరదేశి కాదు. 1762 మొదలు 1803 వఱకు హైదరాబాదు నేలిన నిజాము ఆలీఖాను కొలువున స్త్రీల పటాలములు రెండుండెడివి, ఒక్కొక్కదానియందు వేయిమంది. వారు తుపాకులు పట్టి కవాతు చేసి, అంతఃపురమునకు కాపలా కాచెడివారు. రాణివాసము కదలినపుడు వెంట నడచెడివారు. ఆ సేనకు జఫర్ పల్టన్, అనగా విజయసేన, అని పేరు. 1795లో మహారాష్ట్రులతో ఖర్డాయొద్ద జరిగిన యుద్ధమునకు వారును వెళ్ళిరి. మామా బరూన్, మామా చంపా అను నిరువురు స్త్రీలు వారిని నడపిరి. ఆ కాలముననే యుండిన కవయిత్రి మహలఖాబాయి చందా గుఱ్ఱపుస్వారియందును, విలువిద్యయందును ఆరితేఱినదని ప్రసిద్ధి. ఆమె సమాధి మౌలాలీ గుట్ట క్రింద నేటికిని ఉన్నది.

పాతబస్తీ తాలీంఖానాలలో కుస్తీ నేర్చిన పహిల్వానులను మీ రెఱుగుదురు. హద్రమౌతునుండి వచ్చిన అరబ్బు సిపాయిల సంతతి వారు బార్కసులో నున్నారు. బ్యారక్సు అను మాటయే బార్కసైనది. వారి పెండ్లిండ్లలో మర్ఫా వాద్యమునకు జంబియా కత్తులు త్రిప్పుచు నాడుదురు. ఇక పల్లెల మాట. 1940ల నాటి తెలంగాణ పోరాటమున రజాకార్లు పైబడినపుడు మన అక్కలు కారపుపొడియు, రోకళ్ళును పట్టి నిలిచిరి. వారి స్వంత మాటలను 1986లో స్త్రీశక్తి సంఘటనవారు "మనకు తెలియని మన చరిత్ర" అను గ్రంథముగ కూర్చిరి. పొరుగున మలయాళదేశమున, వడకరయందు, మీనాక్షి అమ్మ అను గురువు డెబ్బదియేండ్లు దాటిన వయస్సునను కఱ్ఱయు కత్తియు పట్టి కలరి విద్య నేర్పుచుండగా, 2017లో భారతప్రభుత్వ మామెకు పద్మశ్రీ నిచ్చినది. పరదేశపు పేరొకటి తప్ప, ఈ విద్యలో మనకు క్రొత్తది కొంచెమే.

మిద్దెమీది మాటకు వత్తము. మొదటి వారము కఱ్ఱ చేతనుండెను గాని పని పాదములకు. ఉపాధ్యాయుని భార్య ముగ్గుపిండితో నేలపై ఒక త్రికోణము వేసి, దాని మొనమీద పిల్లను నిలిపి, "దెబ్బ నీకు సూటిగా వచ్చును. వెనుకకు పోయినచో అది వెంట వచ్చును. ప్రక్కకు, కొంచెము ముందుకు, ఈ గీతపై అడుగు వేసితివా, దెబ్బ తన దారిన తాను పోవును" అని చెప్పినది. వారమంతయు అదియే. ఒక పిల్ల విసిగి "కొట్టుట యెప్పుడమ్మా?" అనినది. "తప్పుకొనుట వచ్చిన తరువాత" అని జవాబు.

రెండవ వారము రెండుచేతుల కఱ్ఱలు. దీనికి సినవాలి యని పేరు. వెదురుతడకకు వారి భాషలో నున్న మాటనుండి వచ్చినది. ఇద్దఱు ఎదురెదురుగా నిలిచి, కుడియెడమల కఱ్ఱలను తడక యల్లినట్లు పైనుండి క్రిందికి, క్రిందినుండి పైకి తాకింతురు. ఆనాడు మన గౌలిపురా బాలికతో ఆమె నాయనమ్మ వచ్చినది. "ఆ వీరాంగనను చూచి పోవుదును" అని వచ్చినదట. పిల్ల నాలుగవ దెబ్బకు తడబడెను. ముసలమ్మ కొంతసేపు చూచి, లేచి, కొంగు నడుమున దోపి, "ఇటు తే బిడ్డా. చేతిని చూడకు, తోడిదాని కన్ను చూడు. కాళ్ళు తాళము తప్పితే చేతులు తప్పవా?" అనుచు కఱ్ఱలు పుచ్చుకొన్నది. చిన్ననాట కోలాటమాడిన చేయి! రెండు నిముషములలో తడక చక్కగా నల్లుకొన్నది. నవ్వవచ్చిన యామె ఆ దినము మొదలు రోజును వచ్చుచుండెను.

మూడవ వారమున కత్తి వచ్చినది. నిజమైన కత్తి కాదు, కొయ్యకత్తి. దాని యంచుకు దీపపు మసి పూసిరి. పిల్ల తెల్లని అంగీ తొడిగికొన్నది. గురుపత్ని కొయ్యకత్తితో ఒక్క నిముషము పైబడినది. పిల్ల తాను నేర్చిన దంతయు చేసినది. ఆగిన తరువాత మరకలు లెక్కించిరి. చేతులపై ఏడు, పొట్టపై రెండు, మెడ ప్రక్క ఒకటి. పిల్ల ముఖము వెలవెలబోయెను. తల్లి మా చేయి గట్టిగా పట్టుకొన్నది.

అప్పుడు గురుపత్ని చెప్పిన మాటలు మాకు మఱపురావు: "ఇది నేర్చుకొనుటకే కత్తి నేర్చుకొందురు. సినిమాలలో కత్తిపోటు తప్పించుకొని నవ్వుదురు. ఇచట ఎవరును నవ్వరు. కత్తి కనబడినచో సంచి యడిగిన సంచి యిమ్ము, గొలుసు అడిగిన గొలుసిమ్ము. నడుమ కుర్చీయో, బండియో, గోడయో ఉండునట్లు చూచుకొని పాఱిపొమ్ము. పాఱుటకు దారి లేనప్పుడే కఱ్ఱ. అప్పుడు తలకు గుఱి పెట్టకుము. కత్తి పట్టిన చేతిని కొట్టుము." ఈ మెళకువను ఫిలిప్పీనువారు పాము కోఱలు తీయుట యందురట. కోఱ పోయిన పాము ఎంత పెద్దదైన నేమి?

"మఱి పిల్ల సంచిలో చాకు ఉంచుకొనవచ్చునా?" అని తల్లి యడిగినది. గురుపత్ని తల యడ్డముగ త్రిప్పినది. భయములో తీసిన చాకు ఎదుటివాని చేతికి పోవుటకు ఒక్క గడియ చాలును. అదియు గాక, ఇంటిపనికిగాని, పొలముపనికిగాని, చేతివృత్తులకుగాని ఉద్దేశింపని కత్తి, 9 అంగుళములకు మించిన పొడవును, లేదా 2 అంగుళములకు మించిన వెడల్పును గలదైనచో మన ఆయుధముల నిబంధనలలో ఆయుధముగ లెక్కింపబడును. గొడుగునకు ఎవరి యనుమతియు అక్కఱలేదు.

నాలుగవ వారము మేము తలపనిది జరిగినది. కఱ్ఱలు ప్రక్కన బెట్టించి, "ఇప్పుడు అఱవుడు" అనిరి. పదునొకండుగురు పిల్లలు. అడుగులు నేర్చిరి, అల్లిక నేర్చిరి, మసికత్తి యెదుట నిలిచిరి. అఱవుమనగా ఒక్కరి నోటనుండియు శబ్దము రాలేదు. ఒకతె నవ్వినది. ఒకతె చున్నీ నోటికి అడ్డము పెట్టుకొన్నది. మన బాలిక "దూరము పో" అని గొణిగినది. "ఎవరికి చెప్పుచున్నావు, నీ చెప్పులకా?" అనినది గురుపత్ని. ఆ పిల్ల కన్నుల నీరు పెట్టుకొన్నది. కఱ్ఱకు పది దినములు పట్టినది. కంఠమునకు అంతకంటె ఎక్కువ పట్టినది.

సోదరీమణులారా, ఆ సాయంకాలము మాకు తల వంగినది. ఆ కంఠములను నొక్కినవా రెవరు? వీధిలోని పోకిరీలా? కాదు. "మెల్లగా మాటలాడు", "ఆడుపిల్ల నవ్వు గడప దాటరాదు", "ఎవరేమనిన తల వంచుకొని వచ్చేయి" అని పసితనమునుండి చెప్పినది మనమే. ఆ పోకిరీలు చున్నీ లాగిన దినమున పిల్ల ఇంట చెప్పకుండుటకు కారణ మదియే. చెప్పిన చదువు పోవునని ఆమె యెఱుగును. చెప్పకయే చదువు పోవనున్నది. పోకిరీ చేసిన తప్పునకు పిల్లను గదిలో బెట్టుట తీర్పైనచో, ఏ పిల్ల నోరు విప్పును?

ఇది మా యూహ మాత్రమే కాదు. 2015లో కెనడాదేశమునుండి ఒక పరిశోధన వెలువడినది. మూడు విశ్వవిద్యాలయములలో సుమారు 900 మంది విద్యార్థినులను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు కరపత్రములు మాత్ర మిచ్చిరి; రెండవ భాగమునకు 12 గంటల శిక్షణ నిచ్చిరి. అపాయమును ముందుగా పసిగట్టుట, పరిచితుడైనను మొగమాటము విడిచి గట్టిగా వలదనుట, అవసరమైన కొట్టి తప్పించుకొనుట అందలి పాఠములు. ఏడాది తరువాత చూడగా, కరపత్రములవారిలో నూటికి సుమారు పదిమంది బలాత్కారమునకు గుఱియైరి. శిక్షణ పొందినవారిలో ఐదుగురు. పదిని ఐదు చేసినది కండబలము కాదు. పసిగట్టు కన్నును, వలదను నోరును.

మన చట్టమును తెలిసికొనవలెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితయందు 34 మొదలు 44 వఱకు గల సెక్షనులు ఆత్మరక్షణ హక్కును చెప్పుచున్నవి. ప్రాణభయము, తీవ్రమైన గాయము, బలాత్కారము, అపహరణము, ఆమ్లము పోయుట మొదలగు వానికి తగిన భయ మున్నపుడు, కాపాడుకొనుటలో ఎదుటివాని ప్రాణము పోయినను అది నేరము కాదని 38వ సెక్షను. అయితే అవసరమునకు మించి కొట్టరాదు. పోలీసుల సహాయము పొందుటకు వ్యవధి యున్నపుడు ఈ హక్కు లేదు. వాడు పాఱిపోవుచుండగా వెంటబడి కొట్టిన, అది రక్షణ కాదు, పగ. మిద్దెమీద "కొట్టు, తొలగు, పరుగెత్తు" అని నేర్పినదియు చట్టము చెప్పినదియు ఒక్కటియే.

ఒక్క మాట దాచక వ్రాయవలసి యున్నది. అచట నేర్చుకొను వారిలో ఒక వివాహిత కలదు. మూడవ వారమున అందఱును వెళ్ళిన పిమ్మట ఆమె మెల్లగా నడిగినది: "అక్కా, ఇంటిలో కొట్టువానికి ఎన్నవ అంకె?" గురుపత్ని తన చేతి కఱ్ఱను నేలపై నుంచి, ఆమె ప్రక్కన కూర్చున్నది. దానికి అంకె లేదు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన దేశమున వివాహితలలో నూటికి 29 మంది భర్తచేత హింస ననుభవించినవారు. రేయింబవళ్ళు ఒకే కప్పుక్రింద నుండువానితో కఱ్ఱసాము పనికిరాదు. అందునకు 2005 నాటి గృహహింస చట్టమున్నది, 181 అను టెలిఫోను సంఖ్య యున్నది, సఖి కేంద్రములున్నవి, అన్నిటికంటె ముందు తలుపు తెఱచు పుట్టిల్లు ఉండవలెను. కఱ్ఱసాము నేర్పించితిమి, ఇక మా బాధ్యత తీఱినదని ఏ తల్లిదండ్రులును అనుకొనరాదు.

మీ పిల్లలను పంపదలచిన, ముందు మీరు వెళ్ళి చూడుడు. నెలలో ఎవరినైనను గెలువవచ్చునని చెప్పు గురువు నొద్దకు పంపకుడు. కండ్లకును చేతులకును కాపు లేక కఱ్ఱలు తాకించు చోటికి పంపకుడు. మొదట తప్పుకొనుట, పాఱిపోవుట నేర్పుచున్నారో లేదో కనుగొనుడు. తల్లులు కూర్చుండి చూచుటకు అభ్యంతరము చెప్పు చోట ఒక్క క్షణమైన నిలువకుడు. వీలైనచో మీరును ఒక కఱ్ఱ పట్టుడు. నాయనమ్మకు రాగా మీకు రాదా?

ఇక ఆ బాలిక సంగతి. బోనాల దినములలో ఒక సాయంకాలము ఆ మోటారుసైకిలు మరల వచ్చినది. ఆమె చేతిలో గొడుగున్నది. దానిని ఎత్తవలసిన పని రాలేదు. ఒక ప్రక్కకు అడుగు వేసి, ఒక దుకాణపు గోడకు వీపు చేర్చి, తిరిగి నిలిచి, గల్లీ యంతయు వినబడునట్లు "దూరము పో!" అని అఱచినది. చెప్పుల దుకాణము వృద్ధుడు లేచి వచ్చెను. గాజులు అతుకు ఇంటినుండి ఇద్దఱు బురఖా స్త్రీలు వచ్చిరి. బండి తిరిగి పోయినది. పోవులోపల ఆమె దాని సంఖ్యను బిగ్గఱగా చదివినది. మఱునాడు తల్లియు తండ్రియు ఆమెతో కూడ షీ టీమునకు ఫిర్యాదు వ్రాసి యిచ్చిరి. 2014లో స్త్రీల రక్షణకై ఏర్పడిన పోలీసు దళ మిది.

తండ్రి పెండ్లిమాట పూర్తిగా విడువలేదని తల్లి మొన్న చెప్పినది. అయితే మాఘము అను మాట మాని, "చదువు ముగిసిన పిమ్మట" అనుచున్నాడట. అది కొంచెమే, కొంచెము కాదు.

ఆమె మఱియొక మాట చెప్పినది, దానితో ముగింతుము. మొదటి మాఱు ఆ సంగతి ఇంటికి తెచ్చినవారు ప్రక్కయింటివారు. ఈ మాఱు పిల్ల తానే వచ్చి, చెప్పులు విడువకముందే, తండ్రి యెదుట నిలిచి, జరిగినదంతయు చెప్పినదట. ఇంట దీపము వెలిగించుచున్న నాయనమ్మ, "కొంచెము గట్టిగా చెప్పు బిడ్డా, నాకు వినబడలేదు" అనినదట.